హంగేరీ చదరంగ వీరుల ఆటలను అనుసరించుట ఎట్లు?

విద్యార్థులారా! 2024వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన హంగేరీ రాజధానియగు బుడాపెస్టు నగరమున ముగిసిన 45వ చదరంగ ఒలింపియాడునందు భారతదేశము ఓపెన్ విభాగమునను, మహిళల విభాగమునను స్వర్ణపతకములు గెలుచుకొన్న సంగతి మీరెరుగుదురు. ఆ పోటీలో ఆరవ రౌండున మన దేశపు ఓపెన్ జట్టు హంగేరీ జట్టుతో తలపడినది. మరునాటి పత్రికలలో ఆ పోరాటమునకు దక్కిన చోటు మిక్కిలి స్వల్పము: ‘భారత్ 3, హంగేరీ 1’. ఇది ఫలితము. ఫలితమును తెలిసికొనుట వేరు, ఆటను తెలిసికొనుట వేరు. మన గాంధీపురపు పిల్లలలో చదరంగము ఆడువారు చాలమంది గలరు. ఎవరు గెలిచిరో తడుముకొనక చెప్పువారును గలరు. ఎట్లు గెలిచిరని అడిగినచో చెప్పగలవారు మాత్రము అరుదు. ఆ కొరతను తీర్చుకొను మార్గమును ఈ వ్యాసమున చెప్పదలచితిమి.

ముందుగా ఆ అంకెలను విప్పి చూతము. ఒలింపియాడులో ఒక్కొక్క జట్టునుండి నలుగురు ఒక్కసారిగా నాలుగు బల్లలపై ఆడుదురు. గెలిచిన ఆటకు ఒక పాయింటు, సమమైన ఆటకు అర పాయింటు. ఆనాడు మొదటి బల్లపై దొమ్మరాజు గుకేశ్, హంగేరీ వీరుడు రిచర్డ్ రాపోర్ట్‌తో సమము చేసికొనెను. రెండవ బల్లపై ప్రజ్ఞానంద, పీటర్ లేకోతో సమము. మూడవ బల్లపై మన ఓరుగల్లు ప్రాంతపు ఇరిగేశి అర్జున్, సనాన్ స్యుగిరోవ్‌ను ఓడించెను. నాలుగవ బల్లపై విదిత్ గుజరాతీ, బెంజమిన్ గ్లెదురాను ఓడించెను. అర, అర, ఒకటి, ఒకటి: మొత్తము మూడు. జట్టు గెలిచినచో రెండు జట్టు పాయింట్లు, సమమైనచో ఒకటి. పదునొకండు రౌండ్లలో మన జట్టు పదింటిని గెలిచి, ఉజ్బెకిస్తాన్‌తో మాత్రము సమము చేసికొని, 22కు 21 పాయింట్లు పొందినది. గుకేశ్ తన పది ఆటలలో తొమ్మిది పాయింట్లును, అర్జున్ తన పదునొకండు ఆటలలో పది పాయింట్లును సాధించిరి. ఈ రెండింటిలో ఏది గొప్పయని మీరు తగవులాడుకొనవచ్చును. మొదటి బల్లపై ప్రతి దేశపు అగ్రవీరుడే ఎదురుపడునని మాత్రము మరువకుడు.

హంగేరీవారి ఆటలనే ఏల చూడవలెనని కొందరు అడుగుదురు. ఆ దేశపు జనాభా కోటికి లోపు. వారి భాషకు చుట్టుప్రక్కల భాషలతో చుట్టరికము లేదు; దూరపు బంధువులు ఫిన్లాండు, ఎస్తోనియా దేశములలో నున్నారు. 1920లో జరిగిన త్రియానో సంధి తరువాత హంగేరీ భాష మాట్లాడు లక్షలాది జనులు రుమేనియా మొదలగు పొరుగుదేశములలో అల్పసంఖ్యాకులై మిగిలిపోయిరి. ఇంట నొక భాష, అంగడిలో నొక భాష, పరీక్షలో నొక భాష అను కష్టము మనకు క్రొత్త గాదు. వారికిని క్రొత్త గాదు. అట్టి దేశము 1927లో లండనులోను, 1928లో హేగ్‌లోను జరిగిన మొదటి రెండు ఒలింపియాడులను గెలిచినది. 1978లో బ్యూనస్ ఐరిస్ నగరమున, అప్పటివరకు తాను పాల్గొన్న ప్రతి ఒలింపియాడును గెలుచుచు వచ్చిన సోవియట్ జట్టును రెండవ స్థానమునకు నెట్టి మరల స్వర్ణము పొందినది. ఆ జట్టునకు మొదటి బల్ల వీరుడు లాయోష్ పోర్టిష్. ఈయన 1956 నుండి 2000 వరకు ఇరువది ఒలింపియాడులలో ఆడెను. మంచి గాయకుడు కూడ.

ఇచ్చట ఒక చిన్న ముచ్చట. హంగేరీవారు ఇంటిపేరు ముందు చెప్పి, సొంతపేరు తరువాత చెప్పుదురు. తక్కిన ప్రపంచము ‘జుడిత్ పోల్గార్’ అని పిలుచు ఆమె తన దేశమున ‘పోల్గార్ జుడిత్’. మన కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ అన్నట్లే! పావుల పేర్లును గమనింపదగినవి. ఆంగ్లమున రాణి యనబడు పావును మనము మంత్రి యందుము. హంగేరీవారును దానిని రాణి యనక ‘వెజేర్’, అనగా నాయకుడు, అందురు. గుర్రము వారికి ‘హుసార్’, అనగా రౌతు. మన శకటు వారికి ‘ఫుతో’, పరుగెత్తువాడు. ఏనుగు వారికి ‘బాష్త్య’, కోటబురుజు. బంటు ‘గ్యలోగ్’, కాలినడకవాడు. మన పిల్లలు ఏనుగును ఇంట ఏనుగనియు, వీధిలో యానై యనియు, పోటీలో రూక్ అనియు పిలుచుచుండుట వినుచునే యున్నాము. పేరు ఏదైనను పావు నిలువుగా, అడ్డముగా మాత్రమే నడచును.

అయితే ఈ పేర్ల వలన ఒక చిక్కు కలదు. ఆటను వ్రాసికొనునపుడు ఒక్కొక్క దేశమువారు తమ భాషలోని మొదటి అక్షరమును వాడుదురు. కావున హంగేరీ పుస్తకమును తెరచినవానికి రౌతు గుర్తు హెచ్ అను నిలువు వరుసగా తోచి తికమక పెట్టును. 1966లో బెల్‌గ్రేడ్ నగరమునుండి వెలువడసాగిన ‘చెస్ ఇన్ఫార్మేటర్’ అను సంపుటములు ఈ చిక్కును చక్కగా విడదీసినవి. అక్షరములకు బదులు పావుల బొమ్మలు, వ్యాఖ్యకు బదులు గుర్తులు. ఏ భాషవాడైనను చదువుకొనవచ్చును.

ఆట వ్రాయు పద్ధతి కఠినమైనది కాదు. తెల్లపావుల వాని ఎడమచేతి వైపునుండి నిలువు వరుసలకు ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అని పేర్లు. అడ్డు వరుసలకు వాని దగ్గరనుండి 1 మొదలు 8 వరకు అంకెలు. పావు ఏ గడికి చేరినదో చెప్పినచో ఎత్తు తెలియును. హంగేరీ రాజధాని పేరు మోయు ఒక ఆరంభమునే ఉదాహరణముగా గైకొందము. దీనిని ‘బుడాపెస్టు గాంబిట్’ అందురు. బంటును ఎరవేసి ఆడు ఆట. 1896లో ఆ నగరముననే మరోత్సి అను యువకుడు నల్లపావులతో దీనిని ఆడెను. పలక ముందుంచుకొని పావులు కదపుచు చదువుడు.

ఒకటవ ఎత్తు: తెల్లబంటు డి4, నల్లగుర్రము ఎఫ్6. రెండవది: తెల్లబంటు సి4, నల్లబంటు ఇ5. ఇదియే ఎర. మూడవది: డి4 బంటు ఇ5 బంటును చంపును, నల్లగుర్రము జి4. నాలుగవది: తెల్లశకటు ఎఫ్4, రెండవ నల్లగుర్రము సి6. ఐదవది: తెల్లగుర్రము ఎఫ్3; నల్లశకటు బి4, రాజుకు చెక్. ఆరవది: రెండవ తెల్లగుర్రము డి2కు వచ్చి అడ్డుపడును, నల్లమంత్రి ఇ7. ఏడవది: తెల్లబంటు ఏ3, శకటును బెదరించును. నల్లవాడు శకటును కదల్పక, జి4లోని గుర్రముతో ఇ5 బంటును చంపును. శకటు ఉచితముగా దొరికినదని తెల్లవాడు సంతోషించి ఎనిమిదవ ఎత్తున ఏ3 బంటుతో బి4 శకటును చంపెననుకొనుడు. ఇ5లోని నల్లగుర్రము డి3కి దుమికి చెక్ చెప్పును. ఆటకట్టు!

ఏల ఆటకట్టు? ఇచ్చటనే ఆగి పలకను చూడవలెను. డి3లోని గుర్రమును చంపుటకు తెల్లవాని ఇ2 బంటు ప్రక్కనే యున్నది. కాని అది కదలినచో ఇ7లోని నల్లమంత్రికి ఇ1లోని రాజువరకు దారి తెరచుకొనును. కావున అది కదలరాదు. సి వరుస బంటు రెండవ ఎత్తుననే ముందుకు పోయినది. ఎఫ్1లోని శకటునకు ఇ2 బంటే అడ్డు. మంత్రికి డి2 గుర్రము అడ్డు. రాజు పారిపోవుదమన్న చుట్టునున్న గళ్ళన్నియు తన వారితోనే నిండియున్నవి. తన పరివారమే తన చెరసాల యైనది. ఈ ఒక్క ఆటకట్టును నిదానముగా విప్పి చూచినవాడు, నూరు ఫలితములు కంఠస్థము చేసినవానికంటె ఎక్కువ చదరంగము నేర్చినవాడని మా అభిప్రాయము.

ఇక ఫలితముల పట్టికలో ఆటగాని పేరు ప్రక్క నుండు నాలుగంకెల సంఖ్య సంగతి. దానిని ‘ఎలో’ రేటింగు అందురు. ఇది ఏదో పొడి అక్షరముల కూర్పని చాలమంది తలంతురు. కాదు; ఆర్పాద్ ఏలో అను శాస్త్రవేత్త ఇంటిపేరు. ఆయన 1903లో హంగేరీలో జన్మించి అమెరికాలో స్థిరపడెను. ఆయన పద్ధతిని ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించినది. ఇద్దరి సంఖ్యలు సమానమైనచో ఒక్కొక్కరికి సగము పాయింటు రావలెనని ఆశింతురు. ఒకరికి 200 ఎక్కువైనచో అతడు నూటికి సుమారు 76 వంతులు సాధింపవలెను. ఆశించినదానికంటె ఎక్కువ సాధించినచో సంఖ్య పెరుగును, తక్కువైనచో తరుగును. పదునెనిమిదేండ్లు నిండని, 2300 దాటని పిల్లవాడు తనతో సమానుని గెలిచినచో 20 పాయింట్లు కలియును. 2400 చేరిన పెద్దవానికి అదే గెలుపునకు 5 మాత్రమే. పిల్లల సంఖ్యలు ఒక్కసారిగా ఎగసి పడుటకు కారణ మిదియే. ఒక పోటీలో సంఖ్య తగ్గినంతనే బిడ్డను కోపించు తండ్రులు ఈ లెక్కను ఒకమారు వేసి చూడవలెను.

తల్లిదండ్రుల మాట వచ్చినది గనుక పోల్గార్ కుటుంబమును గూర్చి చెప్పుదుము. తండ్రి లాస్లో పోల్గార్ విద్యావేత్త. తన ముగ్గురు కుమార్తెలను బడికి పంపక ఇంటనే చదివింపదలచి అధికారులతో పోరాడి అనుమతి పొందెను. 1988లో థెస్సలొనీకి నగరమున జరిగిన మహిళల ఒలింపియాడును ఆ ముగ్గురు అక్కచెల్లెండ్రును, ఇల్దికో మాద్ల్ అను మరియొకతెయు కలసి గెలిచిరి. కడగొట్టు బిడ్డ జుడిత్‌కు అప్పుడు పండ్రెండేండ్లు. పదుమూడు ఆటలలో పండ్రెండున్నర పాయింట్లు సాధించినది. 1991లో పదునైదేండ్ల నాలుగు నెలల వయసున గ్రాండ్‌మాస్టరై, బాబీ ఫిషర్ పేరనున్న రికార్డును చెరిపివేసినది. ఇది చదివి బిడ్డలను బడి మాన్పింతురేమోయని మాకు భయము. మేమట్లు చెప్పుట లేదు. ఒక ఇంటిలో ఫలించినది ప్రతి ఇంట ఫలింపదు. ఆ తండ్రి వద్ద మనము గ్రహింపదగినది వేరొకటి కలదు: ఆయన చదరంగపు చిక్కులను వేలకొలది ఏర్చి కూర్చెను, ప్రచురించిన ఒక సంకలనమున 5334 గలవు. విదేశమునకు పోయి ఆడుటకు లక్షలు కావలెను. ఒక చిక్కును విప్పుటకు పలక, నోటుపుస్తకము, అరగంట చాలును.

జుడిత్ రికార్డు మహిళలలో పదేండ్లకు పైగా నిలిచినది. దానిని చెరిపినది కృష్ణా జిల్లా గుడివాడలో పుట్టిన మన కోనేరు హంపి. 2002 మే నెలలో బుడాపెస్టులోనే జరిగిన ఎలెకెష్ స్మారక పోటీలో ఆమె కడపటి నార్మును సంపాదించి, పదునైదేండ్ల ఒక నెల ఇరువదియేడు దినముల వయసున గ్రాండ్‌మాస్టరైనది. హంగేరీ వీరవనిత రికార్డును హంగేరీ గడ్డపైనే తెలుగు బాలిక మూడు నెలల తేడాతో దాటినది! 2014లో నార్వేలోని ట్రోమ్సో ఒలింపియాడునందు హంగేరీకి రజతము, భారతదేశమునకు కాంస్యము లభించినవి. ఆ హంగేరీ జట్టులో జుడిత్ ఉండెను, మన జట్టులో విజయవాడకు చెందిన లలిత్‌బాబు ఉండెను. 2024 నాటి జట్లలో గుంటూరు సీమవారగు హరికృష్ణ, హారికలును గలరు.

గుకేశ్ విషయము మనకు మరింత దగ్గరిది. అతడు చెన్నపట్టణమున తెలుగు కుటుంబమున పుట్టినవాడు. అనగా మనవలె తమిళదేశపు తెలుగువాడు. అతనిని తెలుగువారు తమవాడందురు, తమిళులు తమవాడందురు, రెండును నిజమే. అతడు నేర్చినది ఈ నేలపై, ఈ నేల చదరంగపు వాతావరణములో. 2024 డిసెంబరు 12వ తేదీన సింగపూరులో డింగ్ లిరెన్‌ను ఏడున్నర-ఆరున్నర పాయింట్లతో ఓడించి ప్రపంచవిజేత యైనప్పుడు అతనికి సహాయకులైనవారిలో హరికృష్ణ ఒకరు. అదే డింగ్ 2023లో విజేత యగుటకు తోడ్పడినవాడు రాపోర్ట్. బుడాపెస్టులో మొదటి బల్లకు ఇరువైపుల కూర్చున్న ఇద్దరి వెనుక ఇంత కథ యున్నదని ‘భారత్ 3, హంగేరీ 1’ అను ముక్క మనకు చెప్పదు.

ఇక మీకొక పని. పైన వ్రాసిన ఆటలో ఎనిమిదవ ఎత్తున తెల్లవాడు శకటును చంపక, ఎఫ్3 గుర్రముతో ఇ5 గుర్రమును చంపెననుకొనుడు. నల్లవాడు సి6 గుర్రముతో దానిని తిరిగి చంపును. ఇప్పుడైనను తెల్లవాడు బి4లోని శకటును చంపవచ్చునా? చంపరాదన్నచో, ఏ బంటును ఒక గడి నడిపినయెడల ఆ భయము తొలగును? కారణముతో కూడ తెలుగున వ్రాసి, తెలుగు తరగతిలో మాకు అందజేయుడు.