జిద్దు పుట్టిల్లు

మొండితనానికి మన భాషలో మాటల కొరత లేదు. పంతం, మంకుపట్టు, హఠం, ఉడుంపట్టు, పట్టుదల... గెలిచినవాడిది పట్టుదల, ఓడినవాడిది మొండితనం అని లోకం పంచిపెడుతుంది. తెలంగాణ ఇళ్ళలో వాడే ‘జిద్దు’కు ఆ పంపకం లేదు. “జిద్దు చెయ్యకురా” అంటే కోప్పడడం, “జిద్దు పట్టి చదివిండు” అంటే మెచ్చుకోవడం. కృష్ణా తీరం వాణ్ణి నేను. ఈ మాట వైద్య కళాశాలలో తెలంగాణ మిత్రుల దగ్గర నేర్చుకున్నాను.

దాని పుట్టింటికే ఉద్యోగానికి వస్తానని అప్పుడనుకోలేదు. జిద్దు మనకు ఉర్దూ నుంచి వచ్చింది, ఉర్దూకు ఫారసీ మీదుగా అరబ్బీ నుంచి. ఇక్కడ దాన్ని మొదట చూసింది ఒక చేతి గడియారం పెట్టె మీద. ‘దిద్ అల్ మా’ అంటే నీటిని ఎదిరించేది, వాటర్‌ప్రూఫ్ అన్నమాట. అరబ్బీలో ‘దిద్’ అంటే ఎదురు, వ్యతిరేకం. మొండితనానికి వాళ్ళ మాట ‘ఇనాద్’, పట్టుదలకు ‘ఇస్రార్’. దిద్‌లోని మొదటి అక్షరం పేరు ‘దాద్’. అది తమకే ప్రత్యేకమన్న అభిమానంతో అరబ్బులు తమ భాషను ‘దాద్ భాష’ అంటారు. ఫారసీ, ఉర్దూ నోళ్ళలో అది ‘జ’గా మారి మనదాకా వచ్చింది. (జెద్దా ఊరికీ దీనికీ చుట్టరికం లేదు, అడుగుతారని ముందే చెబుతున్నాను.) మేము రాసే యాంటీబయాటిక్ కూడా ఇక్కడ ‘ముదాద్ హయవీ’. అదీ ఆ ధాతువు బిడ్డే.

కిందటి వేసవిలో నిజామాబాద్ వైపు తమ్ముడొకడు నడుము పట్టుకుని వచ్చాడు. భవన నిర్మాణంలో కూలి. మూత్రపిండాల్లో రాళ్ళు, క్రియాటినిన్ ఎక్కువ. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నిబంధన ఉంది. మిగతా వేళల్లోనూ ఎండ తక్కువేం కాదు. పైగా మరుగుదొడ్డి దూరమని నీళ్ళు తాగడట!

“కొన్నాళ్ళు ఇంటికెళ్ళి చూపించుకో తమ్ముడూ” అన్నాను.

“అప్పు తీరెదాంక పోను సార్. జిద్దు మీదున్న.”

మన అర్థంలో మెచ్చుకోవలసిన మాటే. కానీ పుట్టింటి అర్థం గుర్తొచ్చి అడిగాను: “ఎవరి మీద నీ జిద్దు? అప్పు మీదా, నీ కిడ్నీల మీదా?” కాసేపు మాట్లాడలేదు. ఇంటికి మాత్రం పోనన్నాడు. చివరికి, డబ్బు పంపే రోజునే రక్తపరీక్షకు రావాలన్న ఒప్పందం కుదిరింది.

నెలనెలా వస్తున్నాడు. నీళ్ళ సీసా ఏదని అడిగితే మాత్రం ఇప్పటికీ నవ్వుతాడు.