అతుకు కోసం ఆగిన రంపం

టింబరు అడితిలో దుంగను ట్రాలీ మీదికెక్కించి పలకలుగా చీల్చే ఎత్తయిన మిషను చాలామంది చూసే ఉంటారు. కిందొకటి, పైనొకటి పెద్ద చక్రాలు, వాటి మీదుగా తిరిగే పళ్ల ఉక్కు పట్టీ. ఆ బ్యాండ్ సా ఇప్పుడు చిన్న రూపంలో ఇంటి వెనక షెడ్లలోకీ వస్తోంది. కొనబోయేవాళ్లు మొదట అడిగేది మోటారు ఎన్ని హార్స్‌పవర్ అని. ఈ యంత్రం పుట్టుక తెలిస్తే మొదట అడగాల్సింది బ్లేడు గురించి అనిపిస్తుంది.

ఆలోచన పాతదే. లండన్‌లో విలియం న్యూబెరీ 1808-09 ప్రాంతంలోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. చేతిరంపం ఒక దిక్కుకు వెళ్లేటప్పుడే కోస్తుంది, తిరిగొచ్చేటప్పుడు ఊరికే వస్తుంది. అదే రంపాన్ని రెండు కొసలూ కలిపి చక్రాల మీద తిప్పితే కోతకు విరామమే ఉండదు. ఊహలో తప్పేమీ లేదు గానీ పట్టీ నిలిచేది కాదు, తెగిపోయేది.

దాని మీద పడే బాధ ఎంతో నేటి ఇంటి మిషను లెక్కతోనే చూద్దాం. 14 అంగుళాల చక్రాలున్నదాంట్లో బ్లేడు పొడవు సుమారు 93 అంగుళాలు, వేగం నిమిషానికి దాదాపు 3,000 అడుగులు. అంటే నిమిషానికి 380కి పైగా చుట్లు. ప్రతి చుట్టులోనూ పై చక్రం మీద ఒకసారి, కింది చక్రం మీద ఒకసారి వంగి, మళ్లీ నిటారు కావాలి. గంట నడిస్తే 46,000 సార్లు. ఉక్కులో ఎక్కడ లోపం ఉంటే అక్కడ సన్నని చీలిక మొదలవుతుంది. అన్నిటికంటే బలహీనమైన చోటు కొసలు కలిపిన అతుకే. అక్కడ మందం కాస్త ఎక్కువైనా, కాక తగిలి ఉక్కు పెళుసెక్కినా పని అయిపోయినట్టే. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు బెంజమిన్ బార్కర్ 1836లో పేటెంటు పొందేనాటికీ ఈ చిక్కు తీరలేదు.

తీర్చింది ఒక ఫ్రెంచి మహిళ. ఆన్ పోలీన్ క్రెపాఁ బ్లేడు కొసలను నమ్మకంగా అతికే పద్ధతి కనిపెట్టి 1846లో పేటెంటుకు దరఖాస్తు చేసింది. ఆ హక్కును ప్యారిస్‌లోని పెరాఁ కంపెనీ కొనుక్కుంది. మెరుగైన ఉక్కును, పదును పెట్టే కొత్త పద్ధతులను దానికి జోడించి అంత తేలిగ్గా తెగని పట్టీలు తయారు చేసింది. న్యూబెరీ ఆలోచన నిలబడటానికి దాదాపు 40 ఏళ్లు పట్టిందన్నమాట. ఆ తర్వాత కలప మిల్లులు దీన్ని వదల్లేదు. పెద్ద వృత్తాకార రంపం ఒక్కో కోతకు పావు అంగుళం కలపను పొట్టు చేస్తే, పట్టీ రంపం సుమారు అందులో సగమే తింటుంది. దుంగకు పది కోతలు పడితే మిగిలేది ఎంతో అడితి యజమానికి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక కొనుగోలు సంగతి. ఇంటి పనికి 14 అంగుళాల చక్రాలు, 1 హార్స్‌పవర్ మోటారు సరిపోతాయి. చక్రం చిన్నదైతే పట్టీ ఎక్కువ వంగి త్వరగా అలిసిపోతుంది. అందుకే బ్లేడుకూ ఫ్రేముకూ మధ్య చోటు పెంచడానికి మూడు చిన్న చక్రాలు పెట్టిన నమూనాలు నాకు నచ్చవు. ఫ్రేము గట్టిదై ఉండాలి, టెన్షన్ బిగించగానే వంగేది పనికిరాదు. పోత ఇనుము బల్ల ఉన్న పాత మిషను చవగ్గా దొరికితే, మెరిసే కొత్త రేకు మిషను కన్నా దానికే నా ఓటు.

బ్లేడులో చూడాల్సినవి వెడల్పు, పళ్లు. పావు అంగుళం బ్లేడు సుమారు 5/8 అంగుళాల వ్యాసార్ధంలో తిరగగలదు, బొమ్మలకు, వంపులకు అది. అర అంగుళానికి 2½ అంగుళాలు కావాలి, అది తిన్నని కోతకు. మందపు టేకును చీల్చాలంటే అంగుళానికి 3 పళ్లు చాలు. పళ్లు ఎక్కువైతే వాటి మధ్య పొట్టుకు చోటు చాలక బ్లేడు వేడెక్కి దారి తప్పుతుంది. అదే పలుచటి ప్లైవుడ్‌కు ఎక్కువ పళ్లు కావాలి, ఎప్పుడు చూసినా కనీసం మూడు పళ్లు చెక్కలో ఉండాలి మరి.

సెట్టింగులో వరస ముఖ్యం. ముందు ప్లగ్గు పీకి, బ్లేడును పక్కలా వెనకా కాచే గైడ్లన్నీ వెనక్కి జరపండి. టెన్షన్ బిగించాకే ట్రాకింగ్ (బ్లేడు చక్రం మధ్యలో నడిచేలా కుదర్చడం), అది కుదిరాకే గైడ్లు. వరస తప్పితే ఒకటి సరిచేసేలోపు ఇంకొకటి చెడుతుంది. గైడ్ల మధ్య ఆరు అంగుళాల బ్లేడు బయట ఉంచి పక్కనుంచి వేలితో నొక్కితే సుమారు పావు అంగుళం మాత్రమే కదలాలి. ట్రాకింగ్‌కు పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ వెనక మర తిప్పాలి. చాలా మిషన్లలో చక్రాల అంచు మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, పట్టీ ఆ ఉబ్బెత్తు వైపుకే ఎక్కుతుంది. పాత రైసుమిల్లులో బెల్టు కప్పీ మీంచి జారకుండా నిలిచింది ఈ కిటుకుతోనే. పక్క గైడ్లకూ బ్లేడుకూ మధ్య కాగితం మందం సందు ఉంచండి, అవి పళ్లను తాకకూడదు. వెనక బేరింగు ఖాళీగా నడుస్తున్నప్పుడు తిరగకూడదు, చెక్క తోసినప్పుడే తిరగాలి. చివరికి మూలమట్టం పెట్టి బల్లకు బ్లేడు లంబంగా ఉందో లేదో చూడండి.

ఇంత చేసినా కోత ఒక పక్కకు లాగుతుందా? పనికిరాని చెక్క మీద గీత గీసి, చేతి వాటంతో గీత వెంట కోయండి. చెక్క ఏ కోణంలో నిలిచిందో చెక్కను ఆనించి తోసే ఫెన్సును అదే కోణానికి తిప్పండి.

పాత ఇంటి దూలాలు కోయాలని చాలామందికి ఆశ. మంచి టేకు దొరికేది వాటిలోనే, నిజం. కానీ ముందు అయస్కాంతం తిప్పి మేకులు వెతకండి. ఒక్క మేకు చాలు, పళ్లు పోవడానికి. ఇక భద్రత సంగతి. కోసేటప్పుడు పళ్లు చెక్కను బల్లకేసి నొక్కుతాయి కాబట్టి మన మీదికి విసిరే ప్రమాదం తక్కువ. గుండ్రటి కొమ్మను మాత్రం ఆధారం లేకుండా తోయకండి, పళ్లు దాన్ని గిర్రున తిప్పేసి చేతిని లాక్కుపోతాయి. పై గైడు చెక్కకు పావు అంగుళం ఎత్తులోనే ఉండాలి, అంతకంటే తెరిచిన ప్రతి అంగుళమూ వేళ్లకు ముప్పే.

పనయ్యాక టెన్షన్ వదిలేయండి. మిషనుతో పాటు వచ్చే బ్లేడు చాలాసార్లు నాసిరకమే. మీ దగ్గరున్న డబ్బులో మిషను ధర పోగా రెండు మంచి బ్లేడ్లకు మిగలకపోతే, ఇంకో నెల ఆగి కొనండి.