మీకు తెలుసా? కాఫీ చల్లారేలోపే ఆటకట్టు!

● ప్రపంచ బ్లిట్జ్ చదరంగం పోటీల్లో ఆటగాడికి దక్కేది మూడంటే మూడు నిమిషాలే! ఎత్తుకు 2 సెకన్ల చొప్పున గడియారం కలుపుతూ పోయినా, చెరి 60 ఎత్తులు వేసిన ఆట 10 నిమిషాల్లో ముగిసిపోవాల్సిందే.

● 1989లో బెల్‌గ్రేడ్‌లో నికోలిచ్, అర్సోవిచ్ ఆడిన ఒకే ఒక్క ఆట 269 ఎత్తులదాకా, 20 గంటల 15 నిమిషాలు సాగింది! ఆ సమయంలో పది నిమిషాల బ్లిట్జ్ ఆటలు 120 ఆడేయొచ్చు. ఇంతా చేసి ఆ ఆట డ్రా!

● ఆట మొదట్లో తెల్లపావులు ఎన్ని రకాల ఎత్తులు వేయొచ్చో చెప్పగలరా? సరిగ్గా 20: బంట్లవి 16, గుర్రాలవి 4.

● ఇద్దరూ చెరి రెండు ఎత్తులు వేసేసరికి ఆట నడవగల దారులు 1,97,281! వాటిలో ఆటకట్టయ్యేవి ఎనిమిదే, ఆ ఎనిమిదింట్లోనూ తన రాజు పక్కనున్న బంట్లను తానే జరిపి నల్ల మంత్రికి దారిచ్చేది తెల్లపావుల ఆటగాడే.

● నేటికీ ఆడే ఓ ప్రసిద్ధ ఓపెనింగ్‌కు పేరిచ్చిన రూయ్ లోపెజ్ ఒక స్పెయిన్ మతగురువు! ఎదుటివాడి కళ్లలో ఎండ పడేలా బల్ల వేసుకోమని 1561లో అచ్చయిన తన పుస్తకంలో సలహా కూడా ఇచ్చాడు.

● కుడిచేత్తో పావు జరిపి, ఎడమచేత్తో గడియారం నొక్కితే తప్పు! ఏ చెయ్యి ఎత్తు వేసిందో ఆ చెయ్యే గడియారం నొక్కాలన్నది నియమం.

● మీ సమయం అయిపోయినా ఒక్కోసారి ఓడిపోరు! ఎదుటివాడికి ఒంటరి రాజు తప్ప మరేమీ మిగలకపోతే, వాడు ఎలాగూ ఆటకట్టించలేడు కాబట్టి అది డ్రా.

● 1970లో హెర్సెగ్ నోవీ బ్లిట్జ్ పోటీలో బాబీ ఫిషర్ 22 ఆటల్లో 19 పాయింట్లు కొట్టేశాడు! అంతటితో ఆగక, ఆ 22 ఆటల్లోని వెయ్యికి పైగా ఎత్తులను చూడకుండా అప్పజెప్పేశాడు.

● 2024 ప్రపంచ బ్లిట్జ్‌కు విజేతలు ఇద్దరు! ఫైనల్ 2–2తో సమమై, ఆపైన మూడు ఆటలూ డ్రా కావడంతో కార్ల్‌సన్, నెపోమ్నియాషి కిరీటాన్ని పంచుకున్నారు.

● మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2022లో అల్మాటీలో మహిళల ప్రపంచ బ్లిట్జ్ రజతం గెలిచింది! 17 ఆటలు ఆడితే, స్వర్ణానికీ ఆమెకూ మధ్య దూరం అర పాయింటే!