పేరు చూసి పక్కన పెట్టేస్తే...!

హుసేనప్ప, ఉరుకుందప్ప, మస్తానమ్మ, పీరమ్మ... కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో తరచూ వినిపించే పేర్లివి. మద్దికెర, ఆదోని, ఎమ్మిగనూరు వైపు పీర్లకు మొక్కుకుని, బిడ్డ పుడితే హుసేనప్ప అని పేరు పెట్టుకునే హిందూ కుటుంబాలున్నాయి. ఆ ఇంట్లో దేవుడి గూట్లో ఉన్నది ఈరన్నస్వామి పటమే కావచ్చు. కౌతాళం మండలం ఉరుకుందలో వెలసిన ఆ స్వామి పేరుమీదే ఈ ఉరుకుందప్పలూ ఉరుకుందమ్మలూ! ఇక తెలుగు మాట్లాడే దూదేకులవారిలోనూ హుసేనప్పలున్నారు. పేరు వినగానే మతం చెప్పమంటే ఊళ్లోవాళ్లే తడబడతారు. చెప్పాల్సిన అవసరమూ వాళ్లకు రాదు.

ఆ అవసరం వచ్చేది ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు!

మద్దికెర కుర్రాడొకడు పక్కనే ఉన్న గుంతకల్లులో డిగ్రీ చదివి, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఓ ప్రైవేటు కంపెనీకి బయోడేటా పంపాడనుకుందాం. మార్కుల కన్నా ముందు కంటబడేది పేరే. దాని చివర రెడ్డి, చౌదరి, శర్మ అని ఉంటే ఒక లెక్క, లేకపోతే మరో లెక్క. హుసేనప్ప అని ఉంటే... ఆ కుర్రాడు ఏ గుడికి వెళ్తాడో, అసలు వెళ్తాడో లేదో తెలియకుండానే ఓ ముద్ర పడిపోతుంది. ఒకవేళ ఇంటర్వ్యూకి పిలిచినా, 'ఇంటిపేరేంటి?' అన్న ప్రశ్న ఉండనే ఉంది. ఆ ఆరా దేనికోసమో అడిగేవారికీ తెలుసు, చెప్పేవారికీ తెలుసు.

ఇదంతా ఉద్యోగం రానివాళ్ల అనుమానం అని కొట్టిపారేయడానికి లేదు. అప్పట్లో యూజీసీ ఛైర్మన్‌గా ఉన్న ఆర్థికవేత్త సుఖదేవ్ థోరట్, సామాజికశాస్త్రవేత్త పాల్ అట్వెల్ కలిసి దీన్ని పరీక్షించి చూశారు. ఇంగ్లిషు పత్రికల్లో వచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపించారు. చదువూ అర్హతలూ సమానమే, పేర్లే వేరు. 2007లో ఫలితాలు ప్రచురించారు. అగ్రకుల పేరున్నవారికి పిలుపు వచ్చే అవకాశం మూడు పాళ్లనుకుంటే, దళిత పేరుకు రెండు పాళ్లు, ముస్లిం పేరుకు ఒక్క పాలు! అదీ తేడా.

అన్నిచోట్లా ఇలాగే ఉంటుందా అంటే, లేదు. అభిజిత్ బెనర్జీ బృందం ఢిల్లీలో ఇలాంటి ప్రయోగమే చేసి 2009లో ప్రచురించింది. సాఫ్ట్‌వేర్ కొలువుల్లో పేరును బట్టి తేడా కనబడలేదు. కాల్‌సెంటర్లలో మాత్రం బీసీ పేర్లవారు వెనకబడ్డారు. పనితనాన్ని సులువుగా కొలవగలిగే చోట పేరుకు విలువ తగ్గుతుందేమో!

ఇక్కడ దర్జాగా చెల్లే పేర్లకు కడలి దాటాక ఏమవుతుందో తెలుసా? కెనడాలో ఫిలిప్ ఓరియోపోలస్ అనే ఆర్థికవేత్త పంపిన దరఖాస్తుల్లో, భారతీయ పేర్ల కన్నా ఇంగ్లిషు పేర్లకు మూడోవంతుకు పైగా ఎక్కువ పిలుపులొచ్చాయి. అక్కడ శర్మగారికీ సింగ్‌గారికీ ఒకటే మర్యాద.

ప్రభుత్వ ఉద్యోగాల్లో కులం, మతం, పుట్టిన ఊరు చూసి వివక్ష చూపకూడదని రాజ్యాంగం 16వ అధికరణం చెబుతోంది. ప్రైవేటు కంపెనీలు దాని పరిధిలోకి రావు. పైగా పక్కన పెట్టేసిన దరఖాస్తుకు కారణం రాసి పంపే అలవాటు ఎక్కడుంది? జవాబు రాకపోతే మార్కులు చాల్లేదని ఆ కుర్రాడే సర్దిచెప్పుకుంటాడు.

పేరు మార్చుకుంటే పోలేదా అనేవాళ్లూ ఉన్నారు. అఫిడవిట్ రాయించి, పత్రికల్లో ప్రకటన ఇచ్చి, గెజిట్‌లో అచ్చు వేయించుకోవాలి. ఇంత చేసినా, పదో తరగతి సర్టిఫికెట్‌లో సాధారణంగా పాత పేరే ఉంటుంది. ఉద్యోగంలో చేరేరోజున ఒరిజినల్స్ చూపించమంటారు కదా... గెజిట్ కాగితంతో పాటు పాత హుసేనప్పా బల్లమీదికి రావాల్సిందే!