ఔట్‌బోర్డ్ మోటారులో ఇంధన మిశ్రమం సర్దుబాటు

ఔట్‌బోర్డ్ మోటారు అనగా పడవ వెనుక అంచుకు బయటి వైపున బిగించే ఇంజను. పాతకాలపు పెట్రోలు ఔట్‌బోర్డ్ మోటార్లలో గాలిని, పెట్రోలును తగు పాళ్ళలో కలిపి అందించే భాగం కార్బురేటర్. దానిలోని సూది మరను తిప్పి ఆ పాళ్ళను సరిచేయడాన్ని ఇంధన మిశ్రమం సర్దుబాటు అంటారు. అమెరికాలో స్థిరపడిన నార్వే దేశీయుడు ఓలే ఎవిన్‌రూడ్ 1909 నుండి ఇటువంటి మోటార్లను విక్రయించి వాటికి ప్రాచుర్యం తెచ్చాడు.

తీర ప్రాంతంలో అవసరం

తెనాలి మీదుగా పారే కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలలో ఒకప్పుడు పడవలను తెరచాపతోను, గడతోను, గట్టు మీది నుండి తాడు లాగియు నడిపేవారు. కాలువలో పడవ ఆగినా గట్టు దగ్గరే ఉంటుంది. రేపల్లె దిగువనున్న నిజాంపట్నం నుండి గాని, బాపట్ల చేరువలోని సూర్యలంక నుండి గాని సముద్రంలోకి వెళ్ళిన చిన్న పడవకు ఆ ఆసరా ఉండదు. అక్కడ ఇంజను ఆగితే గాలి, పోటు ఎటు తోస్తే పడవ అటు పోతుంది. డీజిల్ ఇంజన్లలో కార్బురేటర్ ఉండదు కనుక వాటికి ఈ సర్దుబాటు వర్తించదు.

పలుచని, చిక్కని మిశ్రమాలు

పెట్రోలు పూర్తిగా మండుటకు 1 పాలు పెట్రోలుకు బరువులో సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. పెట్రోలు తగ్గితే మిశ్రమం పలుచన, ఎక్కువైతే చిక్కన అవుతుంది. చిక్కనైతే పొగ వస్తుంది, స్పార్క్ ప్లగ్ నల్లగా తడిసిపోతుంది, ఇంధనం వృథా అవుతుంది. పలుచనైతే ఇంజను దగ్గినట్లు శబ్దం చేసి ఆగిపోతుంది, ప్లగ్ తెల్లబారుతుంది.

ఈ రెండింటిలో పలుచదనమే ప్రమాదకరం. టూ స్ట్రోక్ ఇంజనులో కందెన నూనె పెట్రోలులోనే కలిసి వస్తుంది. కనుక పెట్రోలు తగ్గితే నూనె కూడా తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, పిస్టన్ సిలిండరులో పట్టేస్తుంది.

సర్దుబాటు చేసే విధానం

ముందుగా ప్లగ్, ఇంధన వడపోత, ట్యాంకు గాలి రంధ్రం శుభ్రంగా ఉన్నవో లేదో చూడాలి. మురికి పట్టిన కార్బురేటర్‌కు సూది తిప్పినందువలన ప్రయోజనం లేదు.

1. ఆపి ఉన్న ఇంజనులో నెమ్మది వేగపు సూదిని మెల్లగా చివరి వరకు బిగించి, సుమారు ఒకటి నుండి ఒకటిన్నర చుట్లు వదులు చేయాలి. గట్టిగా బిగిస్తే సూది మొన చెడిపోతుంది.
2. పడవను గట్టిగా కట్టి, మోటారు నీటిలో ఉండగా నడిపి వేడెక్కనివ్వాలి. నీరు లేకుండా నడిపితే నీటి పంపులోని రబ్బరు చక్రం పాడవుతుంది.
3. గేరులో వేసి, నెమ్మది వేగంలో సూదిని ఎనిమిదో వంతు చుట్టు చొప్పున బిగించాలి. ప్రతిసారీ ఇంజను స్పందించే వరకు కొన్ని క్షణాలు ఆగాలి.
4. ఇంజను దగ్గడం మొదలుపెట్టగానే సూదిని పావు చుట్టు వెనుకకు వదలాలి. తరువాత వేగం పెంచినపుడు తడబడితే మరికొంచెం వదలాలి.

వేగపు సూది కూడా ఉన్న మోటార్లలో దానిని భారం మీద, పూర్తి వేగంలో ముందుగా సరిచేయాలి. కొన్ని మోటార్లలో మర పెట్రోలును గాక గాలిని అదుపు చేస్తుంది. వాటిలో బిగిస్తే మిశ్రమం చిక్కనవుతుంది. కనుక తయారీదారు పుస్తకం చూడకుండా మొదలుపెట్టరాదు.

నూనె, ఇథనాల్

నూనె పాళ్ళు వేరు, గాలి పాళ్ళు వేరు. 50:1 అనగా 10 లీటర్ల పెట్రోలుకు 200 మిల్లీలీటర్ల నూనె. 25:1 కోరే పాత మోటార్లకు 400 మిల్లీలీటర్లు కావాలి.

భారతదేశంలో 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు విస్తృతంగా అమ్మకానికి వచ్చింది. దీనికి కావలసిన గాలి సుమారు 13.5 పాళ్ళు మాత్రమే. కనుక పూర్వపు పెట్రోలుకు సరిపోయిన సర్దుబాటు ఇప్పుడు పలుచన అవుతుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను దెబ్బతీస్తుంది. అందువలన వాడని రోజులలో పెట్రోలును కార్బురేటర్‌లో నిలువ ఉంచరాదు. సందేహం కలిగినపుడు సూదిని కొద్దిగా చిక్కదనం వైపే ఉంచడం క్షేమం. ప్లగ్ నల్లబడితే తుడుచుకోవచ్చును గాని, పట్టేసిన పిస్టన్‌ను నడిసముద్రంలో బాగుచేయడం సాధ్యం కాదు.