కంప్యూటరు తెరను ఎన్నుకొనుట ఎట్లు?

విశాఖపట్టణములోని ఓడల నిర్మాణశాలనుండి 1948లో ‘జల ఉష’ అను నౌక జలప్రవేశము చేసినది. ఆ కాలమున ఓడల పటములను బల్లలపై పరచిన కాగితములమీద చేతితో గీసెడివారు. నేడు అట్టి పటములను కంప్యూటరు తెరమీద గీయుచున్నారు. పటము గీయువానికి నాడు కాగితము ఎంత ముఖ్యమో, నేడు తెర అంత ముఖ్యము. అట్టి తెరమీదనే వేగముగా సాగు ఆటలు ఆడువారును కలరు. ఇరువురి అవసరములు ఒక్కటి కావు. హెచ్చు అంకెలున్న తెరయే మేలైనదని తలచి కొన్నచో ధనము వ్యర్థము కావచ్చును. కావున ఆ అంకెల భావమును తెలిసికొందము.

మొదటిది సూక్ష్మత. తెరమీది బొమ్మ పిక్సెళ్లు అను చిన్న గళ్లతో ఏర్పడును. తెర కొలతను మూలనుండి మూలకు అంగుళములలో చెప్పుదురు. సామాన్యమైన 27 అంగుళముల తెర వెడల్పు సుమారు 598 మిల్లీమీటర్లు. ఆ వెడల్పులో 1,920 గళ్లున్నచో ఒక్కొక్క గడి 0.31 మి.మీ., 2,560 ఉన్నచో 0.23 మి.మీ., 3,840 ఉన్నచో 0.16 మి.మీ. ఉండును. ఆరోగ్యమైన కన్ను డిగ్రీలో 60వ వంతు కోణమును గుర్తింపగలదు. 60 సెంటీమీటర్ల దూరమున ఇది సుమారు 0.17 మి.మీ. అగును. కనుక ఆ దూరమున కూర్చుండువానికి 3,840 గళ్లకు మించినవి కొనుట వలన లాభము స్వల్పము. దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. ఒక మి.మీ. మందముగల గీతలను ఒక మి.మీ. ఎడముతో గీసి గోడకు అంటించి, వెనుకకు నడువుడు. ఇంచుమించు మూడున్నర మీటర్ల దూరము దాటగానే గీతలు కలిసిపోయినట్లు తోచును.

రెండవది వేగము. తెర సెకనుకు ఎన్నిమారులు కొత్త బొమ్మను చూపునో దానిని హెర్ట్జ్‌లలో చెప్పుదురు. 1,920 గళ్ల వెడల్పును ఒక సెకనులో దాటు బంతిని ఊహింపుడు. 60 హెర్ట్జ్‌ల తెరపై అది బొమ్మబొమ్మకు 32 గళ్లు దూకును. 144 హెర్ట్జ్‌ల తెరపై 13 గళ్లే దూకును. అందువలన ఆట నునుపుగా సాగును. అయితే కంప్యూటరు కూడ సెకనుకు అన్ని బొమ్మలను తయారుచేయగలిగి ఉండవలెను. లేనిచో ఆ వేగము వలన ప్రయోజనము లేదు. కదలని పటములు గీయువానికి 60 హెర్ట్జ్‌లే చాలును.

మూడవది వర్ణము. ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులను ఒక్కొక్కటి 256 మెట్లలో కలిపినచో 1,67,77,216 రంగులు ఏర్పడును. ఇందు తెలుపు ఎట్టిదో నిర్ణయించుట ముఖ్యము. విశాఖ ఉక్కు కర్మాగారము వంటి చోట్ల ఊదుకొలిమినుండి వెలువడు ద్రవ ఇనుము ఇంచుమించు 1,500 సెంటిగ్రేడు డిగ్రీల, అనగా సుమారు 1,770 కెల్విన్‌ల వేడితో పసుపు కలిసిన నారింజ రంగున వెలుగును. వేడి పెరిగినకొలది వెలుగు తెలుపువైపునకు, ఆపై నీలమువైపునకు మారును. 6,500 కెల్విన్‌ల వెలుగు పగటి వెలుగును పోలి ఉండును. తెరకు ఈ తెలుపునే ప్రమాణముగా గైకొందురు. తెర అంత వేడెక్కునని దీని అర్థము కాదు. రంగుకు అది పేరు మాత్రమే. విచిత్రమేమనగా, తెరల అమరికలో ‘చల్లని’ రంగు అనబడు నీలిఛాయయే హెచ్చు వేడికి చిహ్నము! తెర నీలిఛాయలో ఉన్నచో చిత్రకారుడు దానిని సరిదిద్దుటకై పసుపు హెచ్చించును. తుదకు అచ్చులో బొమ్మ పసుపుబారి రావచ్చును.

పక్కనుండి చూచినను రంగు అంతగా మారని తెరలను ఐ.పి.ఎస్. రకము అందురు. రూపకల్పనకు ఇవి అనుకూలములు. టి.ఎన్. రకము తెరలలో చూపుకోణమునుబట్టి రంగు మారును.

కావున పాఠశాలకు గాని, ఇంటికి గాని తెరను కొనునపుడు ముందుగా పనిని నిర్ణయింపుడు. ఆటకు వేగము, పటములకు సూక్ష్మత, చిత్రములకు వర్ణశుద్ధి ప్రధానములు. కొన్న తరువాత కిటికీ వెలుగు తెరమీద నేరుగా పడకుండ, కిటికీకి అడ్డుకోణముగా అమర్చుడు. దీనికి ఖర్చేమియు లేదు. కంటికి మేలు మాత్రము కలదు.