ఆ సంతకము ఎవరిది?

తూర్పు కనుమల పాదముకడ, శారదా నదీ పరిసరమున నున్న దేవరాపల్లి 2022 వరకు విశాఖపట్టణము జిల్లాలోనిది. నేడు అనకాపల్లి జిల్లాలోనిది. చెంతనే రైవాడ జలాశయము. ఆవల అనంతగిరి కొండలు. మైదానమునకును మన్యమునకును నడుమ నున్న ఇట్టి యూళ్ళలో, చదువురాని తల్లికి ఆసుపత్రినుండి యొక కాగితము వచ్చినచో ఆమె మొదట వెదకునది బడిపంతులుగారిని. “ఇందులో ఏటున్నాదో సదివి సెప్పండి బాబూ” అని అడుగును. ఆయన చదివి చెప్పుట ఉపకారమే. కాని ఆమెకు బదులుగా సంతకము కూడ ఆయనయే చేసినచో అది ఉపకారమగునా, అపచారమగునా?

ఇది ఊహించి వేసిన ప్రశ్న కాదు. తెలుగునేలమీద ఒకప్పుడు వేలకొలది బాలికల విషయమున ఎదురైన ప్రశ్న.

2009 జులైలో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో హెచ్.పి.వి. టీకా కార్యక్రమ మొకటి ప్రారంభమయ్యెను. ఈ టీకా స్త్రీలకు వచ్చు గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించుటకు ఉద్దేశింపబడినది. పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వము కలిసి దీనిని నడిపినవి. భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 మొదలు 14 సంవత్సరముల వయస్సుగల సుమారు 14,000 మంది బాలికలకు మూడు మోతాదులుగా టీకా వేయ నిశ్చయించిరి. వారిలో గిరిజన బాలికలు, వసతి గృహములలో నుండి చదువుకొను పేదపిల్లలు ఎందరో కలరు.

తరువాత మహిళా సంఘములవారు భద్రాచల ప్రాంతమునకు పోయి పిల్లలను, తలిదండ్రులను విచారించిరి. టీకా దేనికో, దానివలన కలుగగల యిబ్బందు లేవో పెక్కుమందికి తెలియదని బయటపడెను. టీకా వేసికొనిన బాలికలలో కొందరు మరణించిరన్న వార్త ఆందోళన కలిగించెను. 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము కార్యక్రమమును నిలిపివేసెను.

ఇచ్చట ఒక విషయమున న్యాయము తప్పరాదు. ఆ మరణములు టీకావలననే కలిగినవని విచారణ సంఘము నిర్ధారింపలేదు. నీట మునుగుట, పాముకాటు, పురుగుమందు మ్రింగుట వంటి వేరు కారణములు చూపబడినవి. ఆ టీకా నేడు నూటికి పైగా దేశములలో బాలికలకు వేయబడుచున్నది. కావున తప్పు మందులో నున్నదని తేలలేదు. తప్పు మందును ఇచ్చిన పద్ధతిలో నున్నది.

ఆ పద్ధతి యెట్టిదో 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము తన నివేదికలో బయటపెట్టెను. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రములలో 1,948 పత్రములపై వేలిముద్రలు మాత్రమే యుండెను. 2,763 పత్రములపై సంతకములు తలిదండ్రులవి కావు, వసతిగృహ సంరక్షకులవి. తలిదండ్రుల తరఫున ప్రధానోపాధ్యాయులు, సంరక్షకులు సంతకము చేయుటకు ప్రభుత్వపు ఆదేశమే వెలువడియుండుటను సంఘము తీవ్రముగా నాక్షేపించెను. పిల్లలకు ఆపద కలిగినచో వెంటనే నిపుణులైన వైద్యులు ఆదుకొను యేర్పాటు లేకుండుటను కూడ ఎత్తి చూపెను. తాము జరిపినది మందును పరీక్షించు ప్రయోగము కాదని, ఆమోదము పొందిన టీకాను ప్రజల కెట్లు అందింపవచ్చునో పరిశీలించుట మాత్రమేయని నిర్వాహకులు వాదించిరి. ఆ వాదము సంఘమునకు సమ్మతము కాలేదు.

సంతకము చేసిన ఉపాధ్యాయులు దుష్టులా? కారు. పైనుండి ఉత్తర్వు వచ్చినది. మంచి మందు, ఉచితముగా వచ్చినది. పిల్లలకు మేలు కలుగునని వారు నమ్మియుందురు. సదుద్దేశముతో చేసినది గనుకనే ఈ తప్పును నిదానముగా పరిశీలింపవలెను.

అంగీకార పత్రము కచేరీలో దాచుకొను కాగితమని పలువురి భావము. నిజమునకు అది రోగి ప్రాణమునకు వేసిన కంచె. బిడ్డకు చిన్ననాడు మూర్ఛ వచ్చెనా, ఏ మందైనను పడక ఒళ్ళు దద్దురులెక్కెనా, నిన్నటినుండి జ్వరమున్నదా అను సంగతి తల్లికి తెలియును. వందమంది పిల్లలను చూచుకొను సంరక్షకునికి తెలియదు. వైద్యుడు తల్లితో మాటాడి సంతకము గైకొను ఆ కొలది నిమిషములలోనే ఈ సంగతులు బయటికి వచ్చును. సూది వేసిన రాత్రి ఏ లక్షణము కనబడినచో ఆసుపత్రికి పరుగెత్తవలెనో తల్లికి అప్పుడే తెలియును. ఆ సంభాషణను తొలగించి సంతకమును మాత్రము నిలుపుట, కంచె తీసివేసి గుంజను మిగుల్చుట వంటిది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సల భద్రతకై యొక పట్టికను వెలువరించెను. అందులో మత్తు ఇచ్చుటకు ముందే అడుగవలసిన తొలి ప్రశ్న యంత్రములను గూర్చినది కాదు. రోగి తన పేరును, చికిత్సను, అది జరుగు చోటును, తన సమ్మతిని స్వయముగా ధ్రువపరచెనా అనునది. సమ్మతి మర్యాద మాత్రమే కాదు, రక్షణ కూడ అని దీని భావము.

ఈ ధర్మము మనకు క్రొత్తది కాదు. రోగి హితమునే సర్వవిధముల కోరవలెనని, రోగి యింటి రహస్యములను బయట పెట్టరాదని చరక సంహిత వైద్యవిద్యార్థికి విధించెను. 1947 నాటి న్యూరెంబర్గు నియమావళి స్వచ్ఛంద సమ్మతిని అన్నిటికంటె ముందు నిలిపెను. మన దేశమున 2019 నాటి ఔషధ ప్రయోగ నియమములు పిల్లల విషయమున తలిదండ్రుల లిఖిత సమ్మతిని కోరుటయే గాక, గ్రహింపగల వయస్సు వచ్చిన పిల్లల యిష్టమును కూడ అడుగవలెనని శాసించుచున్నవి. అనగా బడిపిల్లకు కూడ ఈ విషయమున ఒక మాట కలదు.

కావున దేవరాపల్లిలోనైనను, భద్రాచలములోనైనను, ఉపాధ్యాయుని కర్తవ్యము స్పష్టము. కాగితమును తల్లి భాషలో చదివి చెప్పవలెను. ఆమెకు తోచిన ప్రశ్నను వైద్యునికి చేరవేయవలెను. ఆమె “వద్దు” అన్నచో ఆ మాటనే వ్రాయింపవలెను. కలమును మాత్రము ఆమె చేతి కీయవలెను. అక్షరము రానిచో వేలిముద్ర వేయును. విని, తెలిసికొని వేసిన ఆ ముద్ర, ఆమెకు తెలియకుండ మరియొకరు చేసిన చక్కని సంతకముకంటె వేయిరెట్లు విలువగలది.